గాజుపెట్టెలో తుంగ

ఆళ్లగడ్డ,
8 జూలై 2024

అజయ్,

నువ్వు కాలు కదపకుండా పడుకున్నావనీ, నీ భార్య మంజుల చెప్పిన మాట వింటున్నావనీ నమ్మి ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. మొదటిది నమ్మడం సులభం, కాలిలో కడ్డీ వేశారు కాబట్టి.

ఫోను ఎందుకు ఎత్తడం లేదని మంజుల మన చర్చి సంఘం యేసురత్నంతో అడిగించింది. ఎత్తి ఏం చెయ్యను? ముప్ఫై నాలుగేళ్లు ఏ.ఎన్.ఎం.గా పల్లెపల్లెకూ తిరిగి సూదులు వేసిన దానికి దేవుడు చెవులు రెండూ తీసుకుని కళ్లు మిగిల్చాడు. ఫోనులో నువ్వు ఏం చెప్పినా నాకు గుయ్యిమని ఒకటే మోత. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకుంటాను. కోపమొస్తే మూడోసారి కూడా. నా దగ్గర పెరిగినవాడివి, రాయడానికి బద్ధకం అనకు.

నీ చేపల గాజుపెట్టె బాగుంది. నువ్వు గీసిన గీత వరకూ రోజూ పొద్దున ఫిల్టరు నీళ్లే పోస్తున్నాను, కొళాయి నీళ్లు కాదు. కరెంటు పోతే ఇన్వర్టరు దానికి, విసనకర్ర నాకు. చేపలకు నువ్వు పేర్లు పెట్టలేదు కాబట్టి నేను పెట్టాను. పెద్దది ఇస్సాకు, చిన్నది రిబ్కా. ఇస్సాకు ఊరికే ఆమెను తరుముతుంటాడు, మగబుద్ధి. ఇక నీ పచ్చ పగడం లైటు వేసిన గంటకు విప్పుకుంటుంది. గోరంత ముక్క తెచ్చి రెండేళ్లలో అరచేయంత చేశావు. అది విప్పుకుందా లేదా అన్నదే నేను రోజూ మొదట చూసేది. నువ్వు వచ్చేదాకా దాన్ని కాపాడి నీకు అప్పజెబితే నా పని అయినట్టు.

ఒక మంచి మాట. రాళ్ల వెనక మూడు పూలు పూశాయి. లేత గోధుమ రంగు కాడ, దాని కొసన గాజులాంటి సన్నని రేకులు. నీకు కడ్డీ వేసిన వారమే పూశాయి. నీ కాలు అతుకుతోందని దేవుడు చూపించిన గుర్తు అనుకున్నాను. చేపలకు మేత వేసేటప్పుడు వాటికీ రెండు పలుకులు వేస్తున్నాను. పాపం, నోరు తెరిచి తీసుకుంటాయి.

ఉడకబెట్టిన గుడ్డు తిను.

నీ అత్త
సువార్తమ్మ

నంద్యాల,
12 జూలై 2024

అత్తా,

నీ ఉత్తరం నాకన్నా ముందు మంజుల చదివేసి, మీ అత్తకు నీకన్నా నేనంటేనే నమ్మకం అంది. కాదనలేకపోయాను.

నొప్పి తగ్గింది. ఇంకా రెండు నెలలు కాలు నేల మీద ఆనించకూడదట. మంజుల బడికి పోయాక మా ఇంటి ఓనరు రామేశ్వరమ్మ మజ్జిగ తెచ్చి, నా మంచం పక్కనే కూర్చుని మహానందికి వచ్చే బంధువుల సంగతులన్నీ చెబుతుంది. నిన్న కొత్త పట్టు పట్టింది. “నీ పుట్టిన టయిము చెప్పప్పా, కాలు ఎప్పుడు నేలకానుతాదో మా పంతులు చూసి చెప్తాడు” అంటుంది. మాకు జాతకాలు లేవమ్మా అంటే, “జాతకం లేకుంటే లేకపాయ, పుట్టినేది నిజమే కదా” అంది. నేను పుట్టినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా, నీకు గుర్తుంటే రాయి.

పూల సంగతి చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. పగడం పిల్లలు పెట్టిందేమో! మూడు ముక్కలు దానంతట అదే రాళ్లకు అతుక్కోవడం గొప్ప విషయం. మేత మానకు. ఒక ఫోటో తీయించి పంపు. సముద్రం చూడకుండానే పోతానేమో, ఈ మోకాళ్లతో విశాఖపట్నం ఎక్కడ పోతాను అని నువ్వు అన్నావు కదా, అందుకే ఆ తొట్టి నీ ఇంట్లో పెట్టి, వారం వారం వచ్చి చూసుకున్నాను. దానికి కాన్పు కూడా నువ్వే చేస్తున్నావు.

ఇంకో సంగతి. ఆ జాతి చేపల్లో పెద్దది ఆడది. పేర్లు మార్చుకో.

నీ అజయ్

ఆళ్లగడ్డ,
17 జూలై 2024

అజయ్,

పేర్లు మార్చాను. తరిమేది ఆడదని తెలిశాక దాని మీద గౌరవం పెరిగింది.

ఫోటో అడిగావు. నా డబ్బా ఫోనులో పడేది మబ్బు మాత్రమే. అందుకని బొమ్మ గీసి ఇందులో పెట్టాను. పల్లెల్లో చార్టులు గీసిన చెయ్యే, నమ్మకంగా ఉంటుంది. కాడ ఎంత పొడుగో పక్కన రాశాను. వేలు చూపిస్తే చటుక్కున రాతి సందులోకి ముడుచుకుపోతాయి. సిగ్గు ఎక్కువ.

మూడు కాదు, ఇప్పుడు పదకొండు. నువ్వు చెప్పినట్టు మేత మానలేదు. రెండు పూటలా వేస్తున్నాను. పగడం పక్కనే నాలుగు వచ్చాయి, తల్లి దగ్గరికి చేరిన పిల్లల్లా. పగడం మాత్రం నిన్నటి నుంచి ఆ వైపు సగమే విప్పుకుంటోంది. పిల్లతల్లి కదా, నీరసం ఉంటుంది అనుకున్నాను.

పక్కింటి శేషయ్య వచ్చి చూశాడు. విగ్రహాలు చెక్కేవాడు కదా, నీళ్లలోకి చూస్తున్నా ఆయన కళ్లు రాయి మీదే ఉంటాయి. ఈ రాయి యాడిది, ఇంత బెజ్జాల రాయి నేను చూడలేదే అని అరగంట అడిగాడు.

నువ్వు పుట్టిన టైము నాకు గుర్తు లేదు. ఆ రోజు గడియారం చూసుకునే తీరిక లేకపోయింది. రామేశ్వరమ్మకు చెప్పు, కాలు అతికేది ఎముకల డాక్టరు చేతిలో ఉంది, పంతులు చేతిలో లేదు అని.

అత్త

నంద్యాల,
20 జూలై 2024

అత్తా,

ముందు మేత ఆపు. ఈ వాక్యం చదవగానే లేచి వెళ్లి ఆపి వచ్చి, మిగతాది చదువు.

నీ బొమ్మ చూడగానే నాకు తెలిసిపోయింది. అది పగడం పిల్ల కాదు, పువ్వూ కాదు. ఐప్టేసియా అనే జంతువు. ఉప్పునీళ్ల తొట్టి పెట్టుకున్న వాళ్లందరికీ దాని పేరు చెబితే నిద్ర పట్టదు. మన చేలల్లో తుంగ ఎలాగో తొట్టిలో ఇది అలాగ. ఆ రేకులకు సన్నని విషపు ముళ్లుంటాయి. పక్కన ఏ పగడం ఉంటే దాన్ని కుట్టి కుట్టి చంపి ఆ జాగా ఆక్రమిస్తుంది. నీ పిల్లతల్లికి వచ్చింది నీరసం కాదు, దెబ్బలు.

తప్పు నాదే. మే నెలలో కొత్త రాయి తెచ్చి సరిగా చూడకుండా తొట్టిలో పెట్టాను. పైగా మేత వెయ్యమని కూడా రాశాను. నీ తప్పు రవ్వంత లేదు. వాటిని ఎలాగైనా తీసెయ్యాలి. ఎలా అన్నది హైదరాబాదులో ఉన్న తెలిసినవాళ్లను అడిగి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

ఇలా నీకు శ్రమ పెట్టినందుకు సిగ్గుగా ఉంది.

అజయ్

ఆళ్లగడ్డ,
27 జూలై 2024

అజయ్,

నీ వచ్చే ఉత్తరం అవసరం లేదు. పని అయిపోయింది.

విషపు పురుగులకు రెండు పూటలా అన్నం పెట్టానే అని ఒక రోజంతా బాధపడ్డాను. తర్వాత శేషయ్యతో చెప్పుకున్నాను. ఆయన నవ్వి, “రాతి మీద మొలిచినేది ఏదైనా ఉలికి లొంగాల్సిందే సువార్తక్కా. నాకిడ్సిపెట్టు” అన్నాడు. అమ్మవారి ముక్కుపుడక చెక్కే ఉలి తెచ్చాడు. జబ్బల దాకా కడుక్కుని తొట్టిలో చేతులు పెట్టాడు. ఆ నేర్పు నువ్వు చూడాల్సింది, పగడానికి గోరు కూడా తగలనివ్వలేదు. పదకొండింటినీ మొదలంటా గీకేశాడు. నీళ్లలో తుంపులు తేలితే దొరికినవి టీ వడగట్టే జల్లెడతో దేవాను.

దక్షిణ ఇవ్వబోతే తీసుకోలేదు. దేవుళ్లకు కళ్లు తెరిపించే చేతులు, ఈ పని దానితో పోలిస్తే ఎంత అన్నాడు. ఎదురింటి సుబ్బలక్ష్మమ్మకు చెప్పి ఆయనకు బొబ్బట్లు చేయించాను, మన ఇంట్లో నాకు అవి కుదరవు కదా.

రాయి అద్దంలా ఉంది. ఒక్కటి మిగలలేదు. ఇక నిశ్చింతగా పడుకో.

అత్త

నంద్యాల,
30 జూలై 2024

అత్తా,

శేషయ్య మామకు నా నమస్కారాలు చెప్పు. ఆయన మంచితనానికి ఏం రాయాలో తెలియడం లేదు. కానీ జరగకూడనిది జరిగింది.

తుంగను పలుగుతో పొడిస్తే ఏమవుతుంది? గడ్డలు తెగి, ఒకటికి పది మొలుస్తాయి. ఇదీ అంతే. దాన్ని గీకితే తెగిన ప్రతి తునకా, కంటికి కనపడనిది కూడా, వేరే చోట అతుక్కుని కొత్తది అవుతుంది. ఈ పాటికి మొలిచే ఉంటాయి.

మందు ఉంది. సున్నం ముద్దను సూదితో దాని నోట్లోకి ఎక్కించాలి. కానీ నువ్వు చెయ్యి పెట్టొద్దు. దయచేసి ఇక దేనిలోనూ చెయ్యి పెట్టొద్దు. నంద్యాలలో చేపల దుకాణం పెట్టిన శ్రీకాంత్ అని నాకు తెలిసినవాడు ఉన్నాడు. ఆగస్టు పద్నాలుగున వ్యాను తీసుకొచ్చి తొట్టి మొత్తం ఇక్కడికి తెస్తాడు. మంచంలో ఉండే నేను చూసుకుంటాను. దాన్ని నీ చేతుల్లో పెట్టడమే నేను చేసిన తప్పు.

తొందరలో రాస్తున్నాను, బడికి పోతూ మంజుల పోస్టు చెయ్యాలి.

అజయ్

ఆళ్లగడ్డ,
5 ఆగస్టు 2024

అజయ్ కుమార్ గారికి,

నువ్వు రాసింది నిజమే. ఈ రోజు లెక్కపెట్టాను. నలభై ఆరు ఉన్నాయి. గొట్టం మీద కూడా మొలిచాయి. పగడం మూడు రోజులుగా విప్పుకోలేదు. ఒక అంచు తెల్లబడింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా చేతుల్లో పెట్టడం తప్పు అని రాశావు. అది నీకు ఈ రోజు తెలిసింది. నాకు ముప్ఫై మూడేళ్లుగా తెలుసు. ఇంతకు ముందు కూడా ఒకరిని నా చేతుల్లో పెట్టారు. ఎవరని అడగకు.

పద్నాలుగున మనిషిని పంపు. తాళంచెవి శేషయ్య ఇంట్లో ఉంటుంది. నేను ఆ రోజు ఇంట్లో ఉండను. శేషయ్యకు నీ ఉత్తరం సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు. ఆయన ఇంకా ఆ బొబ్బట్ల గురించే మాట్లాడుతున్నాడు.

సువార్తమ్మ

నంద్యాల,
8 ఆగస్టు 2024

అత్తా,

నీ ఉత్తరం మంజుల కూడా చదివింది. ఒకే మాట అంది. “కాలు ఇరిగింది, సరే. బుద్ధి గుడక ఇరిగిందా నీకు?” అని. తగిన మాటే.

నేను రాయదలచుకున్నది వేరు. డెబ్బై ఏళ్ల నీతో వంగి, లేచి, ఆ విషపు పురుగుల మధ్య పని చేయిస్తున్నానే అని బాధపడి రాశాను. తప్పు అన్నది నీ మీద బరువు పెట్టడం గురించి. కాగితం మీద అది ఎలా ఉందో చూసుకోలేదు. నన్ను క్షమించు.

ఇంకో సంగతి దాచను. నువ్వు అడగకు అన్న మనిషి ఎవరో నాకు తెలుసు. నేను నంద్యాలలో పుట్టాననే కదా మీరందరూ చెప్పారు. నాయన పోయే ముందు నాకు నిజం చెప్పాడు. ఉయ్యాలవాడ పక్క పల్లెలో, నీ క్వార్టర్సులో పుట్టానని చెప్పాడు. కుందూ ఏరు పొంగి బండి ఇవతలికి రాలేకపోయిందనీ, అమ్మకు రక్తం ఆగలేదనీ, నువ్వు ఒక్కదానివే ఉన్నావనీ చెప్పాడు. చివరగా ఈ మాట అన్నాడు. “మీ అత్త చేతులు లేకుంటే నువ్వు గుడక లేవురా. ఆయమ్మను ఎప్పుడూ ఆ మాట అడగాకు.” అందుకే పదిహేడేళ్లుగా అడగలేదు. రామేశ్వరమ్మ మాట విని టైము అడిగిన రోజు నాకు ఈ విషయం తట్టకపోవడం నా మందబుద్ధి.

అత్తా, నేను నీ చేతుల్లోనే బయటికి వచ్చాను. ఆ చేతులతోనే తిన్నాను. పదో తరగతిలో టైఫాయిడ్ వస్తే నువ్వే సూది వేశావు, నేను ఏడవలేదు, నీ సూది తెలియదు కాబట్టి. వాటికంటే నమ్మకమైన చోటు నాకు లోకంలో లేదు. ఈ మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ నోటితో చెప్పలేదు. కాలు విరిగితే గానీ చెప్పే తీరిక దొరకలేదు.

శ్రీకాంత్‌ను రావద్దన్నాను. పగడం పోయినా ఫరవాలేదు అని రాయబోయి ఆగాను. అది అబద్ధం. అది బతకాలి. బతికించేది నువ్వే కావాలి. పద్ధతి చెబుతాను. రంగూ వాసనా కలపని తెల్ల సున్నం కావాలి. పలచని మీగడలా కలుపు. కళ్లజోడు పెట్టుకో, సున్నం కంట్లో పడకూడదు. మోటరు ఆపెయ్, లేకపోతే సున్నం నీళ్లంతా చెదురుతుంది. సూదిని మెల్లగా దగ్గరికి తీసుకుపోయి, అది ముడుచుకునే లోపు నడి నోట్లో ఒక్క చుక్క. పావుగంట ఆగి మోటరు వెయ్యి. రోజుకు నాలుగైదు మించకు, నీళ్లు ఘాటెక్కితే చేపలు పోతాయి. సున్నం హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నాను, పది రోజులు పడుతుంది.

నీ
అజయ్

ఆళ్లగడ్డ,
17 ఆగస్టు 2024

అజయ్,

నీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని బైబిల్లో పెట్టి మంచం మీద కూర్చున్నాను. అన్నం వండలేదు. దాని గురించి రాయడానికి నాకు ఇంకొంచెం సమయం కావాలి. పని సంగతి రాస్తాను.

హైదరాబాదు సున్నం ఆపెయ్. సున్నం ఇంట్లోనే ఉంది. ఎందుకుంది అని నువ్వు అడుగుతావు కాబట్టి నేనే ఒప్పుకుంటాను. నేను తమలపాకు వేస్తాను. రిటైరైన మరుసటి నెల నుంచి. సంఘంలో ఎవరికీ తెలియదు. సుబ్బలక్ష్మమ్మకు తెలుసు, ఆకులు తెచ్చిపెట్టేది ఆమే. సున్నపుకాయ కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. నా పెదాలు ఎర్రగా ఉన్నాయేమని నువ్వు అడిగినప్పుడల్లా బీట్‌రూట్ అని చెప్పాను. నువ్వు నాకు నిజం చెప్పావు, నేనూ చెప్పాను. చెల్లు.

మొదటి రోజు నా షుగరు సూది వాడాను. సన్నని సూది కదా, సున్నం అడ్డుపడింది. రెండో రోజు సున్నాన్ని పాత వాయిలు చీర ముక్కలో వడగట్టి, కొంచెం లావు సూది పెట్టాను. అప్పుడు దిగింది. అవి మహా టక్కరివి. నీడ పడితే చాలు, లోపలికి పోతాయి. చంటిపిల్లలకు సూది వేసే పద్ధతే వాటికీ పనికొచ్చింది. సూది వెనక దాచుకుని, వేరే వైపు చూస్తున్నట్టు చూసి, చటుక్కున వెయ్యాలి. నోట్లో చుక్క పడగానే ముద్ద కట్టుకుని తెల్లగా కూలిపోతుంది.

రోజుకు నాలుగు. పాత రిజిస్టరు ఒకటి ఉంటే దానిలో తేదీ, ఎన్ని వేశాను, ఎన్ని మిగిలాయి, అన్నీ గీతలు కొట్టి రాస్తున్నాను. శేషయ్య స్టూలు వేసుకుని టార్చి పట్టుకుంటున్నాడు. తను గీకినవే ఇన్ని అయ్యాయని ఆయనకు ఎవరో చెప్పేశారు. రెండు రోజులు ఇటు రాలేదు. తర్వాత వచ్చి, “నేను మొలిపిస్తి, నువ్వు పీకుతాండావు. టార్చన్నా పట్టనీ” అన్నాడు. పట్టుకోమన్నాను.

ముప్ఫై మిగిలాయి. పగడం ఇంకా మూసుకునే ఉంది.

నీ అత్త

నంద్యాల,
24 ఆగస్టు 2024

అత్తా,

బీట్‌రూట్ అనగానే మంజుల నవ్వి నవ్వి మంచం పట్టీ పట్టుకుంది. ఈ ఆదివారం నీకు నంద్యాల మార్కెట్ నుంచి ఆకుల కట్ట పంపుతోంది, లేతవే, తనే ఏరింది. పైన బీట్‌రూట్లు పెట్టింది, యేసురత్నం చూస్తే చెప్పుకోవడానికి.

నిన్న వాకరు పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. రామేశ్వరమ్మ కొబ్బరికాయ కొట్టింది. టైము లేకుండానే.

పగడం తెరుచుకోకపోయినా నువ్వు చేసింది చేసినట్టే. ఈసారి ఇది అబద్ధం కాదు. ఆ రిజిస్టరు సంగతి చదివిన దగ్గర నుంచి నాకు పగడం కన్నా నువ్వు స్టూలు పక్కన నిలబడి గీతలు కొట్టుకోవడమే కళ్ల ముందు కనపడుతోంది. నీకు రుణపడి ఉన్నాను అని రాస్తే తిడతావు. అయినా రాశాను.

నీ అజయ్

ఆళ్లగడ్డ,
10 సెప్టెంబరు 2024

నాయనా అజయ్,

ఆకులు అందాయి. బీట్‌రూట్లు కూడా వండుకున్నాను, లేకపోతే పాపం.

గొట్టం మీద ఒకటి మిగిలి ఉంది, రేపు దాని వంతు. మళ్లీ మొలవవని నేను చెప్పలేను. తుంగ సంగతి మనకు తెలియదా. మొలిస్తే మళ్లీ వేస్తాను, సున్నం ఉంది, నేనూ ఉన్నాను.

నిన్న పగడం విప్పుకుంది. తెల్లబడిన అంచు పోయింది, అది తిరిగి రాదు. మిగిలినదంతా పచ్చగా, ఎప్పటిలా ఊగుతోంది. శేషయ్య టార్చి ఆర్పడం మరిచిపోయి నిలబడ్డాడు. “రాతికి ఉలి కాదు, సూది అని ఈ వయసులో తెలిసె” అన్నాడు. నేను గడియారం చూసి రిజిస్టరులో టైము రాశాను. ఉదయం పదకొండు ఇరవై. రాశాక చెయ్యి ఆగిపోయింది. అది కాన్పుల రిజిస్టరు అలవాటు. ప్రాణం బయటపడిన నిమిషం రాయకుండా ఏ.ఎన్.ఎం. పెన్ను మూయదు.

అందుకని నువ్వు పుట్టిన టైము గుర్తు లేదని నేను రాసింది అబద్ధం.

నువ్వు మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు పుట్టావు. మీ అమ్మ లూదియా మూడున్నరకు పోయింది. రెండూ ఒకే వరుసలో రాశాను కాబట్టి, ఒకటి చెబితే రెండోది చెప్పాల్సి వస్తుందని ఇన్నేళ్లూ ఊరుకున్నాను. ఆ గంటా ఇరవై నిమిషాలూ నిన్ను ఆమె పక్కలోనే పడుకోబెట్టాను. నిన్ను చూసింది. నీ వేళ్లు లెక్కపెట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని, “భయపడాకు వదినా. నీ చేతుల్లో పెడతాండా” అంది. ఆ మాట నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు. అది నాకు వేసిన శిక్ష అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక, ఆమె నన్ను నమ్మి అన్న మాట అని తెలిసింది.

కాలు గట్టిపడ్డాక రా. తొందరేమీ లేదు. సముద్రం ఇక్కడే ఉంటుంది.

నీ అత్త
సువార్తమ్మ